అంటించిన కవరు... అందని చిరునామా!

ఈమధ్య పాలకొల్లు వెళ్ళాను. పనిమీదే లెండి! కార్బన్లు వెలిగించి సినిమా వేసిన పాతకాలపు ఆపరేటర్ల గురించి ఓ వ్యాసం రాద్దామని... అల్లు రామలింగయ్యగారు, దాసరి నారాయణరావుగారు, కోడి రామకృష్ణగారు పుట్టిన ఊరు కదా, అక్కడ సినిమా మాటెత్తితే టీ కొట్టాయన కూడా గరిట పక్కనబెట్టి గంటసేపు మాట్లాడతాడు. నాకూ అది సొంతూరి కిందే లెక్క. మా ఊరు అక్కడికి ఆరు కిలోమీటర్లు. డిగ్రీ అయ్యేదాకా రోజూ సైకిలు మీద అక్కడికే.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన ఆపరేటరుగారికి డెబ్భై దాటాయి. నా చిన్నప్పట్నుంచీ ఆయన్ని ‘బాబాయ్‌గారూ’ అనే పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. సెకండ్ షోకి టిక్కెట్టు దొరక్కపోతే ఆపరేటర్ రూములో ఓ మూల నిలబెట్టి సినిమా చూపించిన మనిషిని ఇంకేమని పిలుస్తాం చెప్పండి!

ఈకాలం కుర్రాళ్ళకి తెలియదు గానీ, అప్పట్లో రూములో రెండు ప్రొజెక్టర్లుండేవి. రెండు రీళ్ళు కలిపి చుట్టిన స్పూలు ఇరవై నిమిషాలు ఆడుతుంది. అయిపోయే ముందు తెరమీద కుడివైపు పై మూల ఓ చుక్క తళుక్కుమంటుంది. చూసే జనానికి అది ఆనదు. ఆపరేటరు కన్ను మాత్రం దానిమీదే ఉండాలి. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లలో ఇంకో చుక్క... ఠక్కున మార్చేయాలి! ఓ క్షణం ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, నేల క్లాసులోంచి ఈలలు, కేకలు, ఆపరేటరుగారి వంశవృక్షం మొత్తం!

“మరి ఆ ఇరవై నిమిషాలూ ఏం చేసేవారండీ? కార్బన్లు సర్దుకుంటూ కూర్చునేవారా?” అన్నాను, పుస్తకంలో రాసుకుంటూ.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి లోపలికెళ్ళి ఓ రేకు పెట్టె తెచ్చారు. కొత్త సినిమా పెట్టెలాగే మూత ఊడదీశారు. అందులో కాగితాలు... కట్టలు కట్టలు! పాత డీసీఆర్ ఫారాలు. అదేనండీ, ఏ ఆటకి ఎన్ని టిక్కెట్లు తెగాయో, ఎంత వసూలైందో రాసే రోజువారీ లెక్కల కాగితాలు. ఒకవైపు నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ లెక్కలు. రెండోవైపు కథలు!

ఇరవై నిమిషాలకో ముక్క చొప్పున రాసినవి. చుక్క కనపడగానే ఆపేసి, రీలు మార్చి, మళ్ళీ మొదలుపెట్టినవి. కొన్నిచోట్ల వాక్యం మధ్యలో పెన్ను ఆగిన జాడ తెలిసిపోతోంది. “ఒక సినిమా వందసార్లు చూస్తే ఎవడికైనా అనిపిస్తుందిరా... ఇక్కడ ఈ పిల్ల ఇలా అనదు, అలా అంటుంది అని. అది రాసుకునేవాణ్ణి,” అన్నారు.

అన్నిటికంటే అడుగున ఓ బ్రౌన్ కవరు ఉంది. పసుపు రంగు తిరిగిపోయింది. పైన ఒక వారపత్రిక చిరునామా, కింద ‘ఉగాది కథల పోటీకి’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. మూలన స్టాంపులు. అంచు శుభ్రంగా అంటించేసి ఉంది.

“ఇదేంటండీ?”

“అదా... 1983 ఉగాదికి. పోస్టు చేద్దామనే...”

పోస్టు ముద్ర లేదు. ఆ కవరు నలభై ఏళ్ళకి పైగా ఆ పెట్టెలోనే ఉందన్నమాట!

*

చెప్పించడానికి రెండు కాఫీలు పట్టింది. జరిగిందిదీ:

కథ రాయడం అయిపోయింది. అరఠావుల మీద, ఒకవైపే, సాపు చేశారు. హాలు క్యాంటీన్లో బల్లమీద పెట్టుకుని ఆఖరుసారి చదువుకుంటున్నారు. అప్పటి మేనేజరు వెనకనుంచి వచ్చి కాగితాలు లాక్కుని, అక్కడున్న బుకింగు క్లర్కు, గేటు కుర్రాళ్ళు, సోడాలబ్బాయి అందరూ వినేలా రెండు పేరాలు రాగయుక్తంగా చదివి, “మన ఆపరేటరు ఆత్రేయ అయిపోయాడర్రోయ్!” అన్నాడట. అంతా నవ్వారు. ఈయనా నవ్వేశారు. మరేం చేస్తారు?

అంతటితో పోతే బాగుండును. ఆ రోజునుంచి హాల్లో ఆయన పేరు ‘ఆత్రేయ’ అయిపోయింది. “ఆత్రేయగారూ, రీలు మార్చండి!” “ఆత్రేయగారికి టీ!” పదేళ్ళు అదే పేరు. ఆత్రేయగారి మీద చిత్రరంగంలో ఓ చమత్కారం ప్రచారంలో ఉంది కదా, రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తారని. మా బాబాయ్‌గారు రాసీ ఎవర్నీ ఏడిపించలేకపోయారు. తానే...

సరే, అదలా ఉంచుదాం.

“మరి సాయంత్రం వెళ్ళి పోస్టు డబ్బాలో పడేస్తే వాళ్ళకెలా తెలుస్తుందండీ?” అన్నాను.

“పడేద్దామనే వెళ్ళానురా. డబ్బా నోట్లో సగం పెట్టాను కూడా. అప్పుడు బుద్ధి పుట్టింది... ఒకవేళ అచ్చయితే?!” అన్నారు.

చూశారా! అచ్చు కాకపోతే అని కాదుట... అచ్చయితే అని! అచ్చయితే హాలు మొత్తం చదువుతుంది. క్యాంటీన్లో మేనేజరు పెద్దగా చదువుతాడు. వీధిలో వాళ్ళు చదువుతారు. కథలో కోడలి పాత్ర ఎవర్ని చూసి రాశాడో కనిపెట్టేస్తారు.

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే సరిగ్గా ఆ భయమే నన్నూ రెండేళ్ళు తిప్పలు పెట్టింది. ఆ కథ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడుతూనే ఇప్పుడు చెబుతున్నాను.

*

గౌతమీప్రియ ఎవరు?

2009లో నేను బీకాం రెండో సంవత్సరం. లెడ్జర్లు, బ్యాలెన్స్ షీట్లు ఒకవైపు; నోటుబుక్కు వెనక పేజీల్లో సినిమాల మీద రాతలు ఇంకోవైపు. కొత్త సినిమా వస్తే చాలు, మొదటి ఆట చూసి, ఇంటికొచ్చి, దానిమీద నాలుగు పేజీలు రాసి, నలుగురూ పడుకున్నాక చదువుకుని, మడిచి పెట్టెలో పెట్టేసేవాణ్ణి. మా నాన్నగారు రైసుమిల్లులో గుమస్తా. “రాత్రి ఒంటిగంట దాకా లైటెందుకురా?” అంటే, “ఎకౌంటెన్సీ నాన్నా!” అనేవాణ్ణి. పాపం, ఆయన నమ్మేవారు.

ఓసారి ఎలాగో తెగించి ఒక పత్రికకి పాఠకుల ఉత్తరం రాశాను. ఎనిమిదంటే ఎనిమిది వాక్యాలు. సొంత పేరు పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆలోచించి ఆలోచించి ‘గౌతమీప్రియ, పాలకొల్లు’ అని పెట్టాను. (అన్నట్టు, గౌతమి మావైపు పాయ కాదు. మాది వశిష్ఠ. కానీ వశిష్ఠప్రియ అంటే ఏం బావుంటుంది చెప్పండి!)

మూడు వారాలకి అచ్చయింది! ఆ పత్రిక పట్టుకుని కాలేజీ ఎదురు టీ కొట్టుకి పరుగెత్తాను. నేను నోరు తెరిచేలోపలే మా వాడొకడు ఆ పేజీ చూపించి, “ఒరేయ్, ఎవర్రా ఈ గౌతమీప్రియ? మన ఊరి అమ్మాయే! ఎంత బాగా రాసిందో చూడు. మన కాలేజీయేనంటావా?” అన్నాడు. ఇంకొకడు, “ఫైనలియర్ బీఎస్సీ అయ్యుంటుందిరా” అన్నాడు. మూడోవాడు ఆ అమ్మాయికి ఉత్తరం రాయడానికి పత్రిక ఆఫీసు చిరునామా చొక్కా జేబులో రాసుకున్నాడు!

“అది నేనేరా!” అందామనుకున్నాను. అంటే వీళ్ళు బతకనిస్తారా? మూసుకుని టీ తాగి వచ్చేశాను. నా మొదటి అచ్చు అలా గడిచింది. మారుపేరు నవ్వులపాలు కాకుండా కాపాడిన మాట నిజమే. ఆ సంతోషంలో నాకు అర్ధణా వాటా దక్కని మాటా నిజమే.

ఇలా పేరు మాటున రాసినవాళ్ళు మన తెలుగులో తక్కువేం లేరు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ పురాణం సీత పేరుతో వస్తుంటే చదివి మురిసినవాళ్ళెందరో... రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు! ‘బీనాదేవి’ అంటే ఒక మనిషి కాదు, ఇద్దరు భార్యాభర్తలు. ఆత్రేయగారి అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు, ఆరుద్రగారు భాగవతుల సదాశివశంకరశాస్త్రి. వీళ్ళంతా భయపడి పేరు మార్చుకున్నారని నేననను. ఎవరి కారణం వాళ్ళది. కానీ కాకినాడలో టెలిఫోన్ డిపార్టుమెంటులో ఉద్యోగం చేసుకుంటూ ‘భరణి’ అనే పేరుతో కవితలు రాసిన ఓ యువకుణ్ణి తలుచుకుంటే మాత్రం నాకు ధైర్యంగా ఉంటుంది. ఆఫీసులో ఆయన్ని ఎవరేమన్నారో మనకి తెలియదు. రాయడం మాత్రం ఆపలేదు. కె.విశ్వనాథ్‌గారి ‘జననీ జన్మభూమి’ (1984)కి పాట రాశారు. రెండేళ్ళకి ‘సిరివెన్నెల’ వచ్చింది. ఆ సినిమా పేరే ఇంటిపేరులా స్థిరపడిపోయింది. సీతారామశాస్త్రిగారు 2021లో వెళ్ళిపోయారు గానీ, ఆ పేరు తెలియని తెలుగువాడున్నాడా?

మన సినిమా రచయితలు ఎక్కడ మొదలెట్టారో చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. ముళ్ళపూడి వెంకటరమణగారి మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’ అచ్చయింది పిల్లల పత్రిక ‘బాల’లో, 1945లో. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్ళు నిండాయో లేదో! ‘రక్తసంబంధం’ (1962)కి మాటలు రాయడానికి ఇంకా పదిహేడేళ్ళుంది. గొల్లపూడి మారుతీరావుగారి మొదటి కథ 1954లో ప్రొద్దుటూరు నుంచి వచ్చే ‘రేనాడు’ అనే చిన్న స్థానిక పత్రికలో వచ్చింది. పదిహేనేళ్ళ కుర్రాడు. పదేళ్ళ తర్వాత ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమాల్లో అడుగుపెట్టారు. ఆ సినిమాకీ మూలం కోడూరి కౌసల్యాదేవిగారి నవల ‘చక్రభ్రమణం’. యద్దనపూడి సులోచనారాణిగారు పదహారేళ్ళకే అచ్చులోకొచ్చారు. ఆవిడ ‘సెక్రటరీ’ నవల ముందు పత్రికలో సీరియల్, తర్వాత 1976లో అక్కినేని, వాణిశ్రీల సినిమా! దర్శకుడు వంశీగారి ‘సితార’ (1984) కూడా ఆయనే రాసిన ‘మహల్లో కోకిల’ నవలలోంచి వచ్చిందే.

మాట రాసినా, పాట రాసినా సినిమాకే రాస్తానని భీష్మించుకు కూర్చున్న మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. కృష్ణానగర్లో రూము తీసుకుని, స్క్రిప్టు సంకలో పెట్టుకుని తిరుగుతారు. కథ చెప్పమంటే రెండు గంటలు కన్నార్పకుండా చెబుతారు. “ఇదేదో పత్రికకి పంపరా, నలుగురూ చదువుతారు” అంటే, “కాపీ కొట్టేస్తారు గురూ!” అంటారు. కాపీ భయం ఉండొచ్చు. కాదనను. కానీ వాళ్ళలో సగంమందికి అసలు భయం కాపీ కొడతారని కాదు, చదువుతారని! (ఈ ముక్క చదివి నాకు ఫోన్ చేసేవాళ్ళెవరో కూడా నాకు తెలుసు.)

*

ఎం.ఓ. తెచ్చిన తంటా

గౌతమీప్రియ పేరుతో నేను ఇంకో ఐదు ఉత్తరాలు రాశాను. రెండు అచ్చయ్యాయి. ఆ మూడోవాడు ఇంకా ఆశ వదులుకోలేదు, అది వేరే సంగతి.

2011లో మావైపు ఓ పాత సినిమాహాలు మూసేశారు. కుర్చీలు పీకేసి, తెర దించేసి, కళ్యాణమండపం చేశారు. తెర ఉన్న చోటే పెళ్ళిపందిరి! మొదటి పెళ్ళికి నేనూ భోజనానికి వెళ్ళాను. సరిగ్గా నేను చిన్నప్పుడు కూర్చున్న బెంచీ ఉండే చోట విస్తరి వేశారు. ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చుని తెల్లారేదాకా రాశాను. రాశాక, కింద ‘గౌతమీప్రియ’ అని పెట్టబోయి ఆగిపోయాను. అది నా హాలు. నా బెంచీ. ఆ మాటలు గౌతమీప్రియవి కావు. ఆవిడ ఎప్పుడూ నేల టిక్కెట్టుకి వెళ్ళి ఎరగదు!

సొంత పేరు పెట్టేశాను. హామీపత్రం రాశాను. ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు... ఆ సంతకం పెడుతుంటే చెయ్యి వణికిన వణుకు తర్వాత బ్యాంకు లోను కాగితాల మీద పెట్టినప్పుడు కూడా వణకలేదు. పోస్టు డబ్బా దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాను. మూడోసారి మా తమ్ముణ్ణి పిలిచి, “ఒరేయ్, ఇది డబ్బాలో పడేసిరా, ఎకౌంటెన్సీ అసైన్‌మెంటు” అని చెప్పి సైకిలిచ్చి పంపాను. నా ధైర్యం అంతా అంతే! వాడు పడేసి వచ్చి, “పడేశానన్నయ్యా” అన్నాక చూడండి... పరుగెత్తుకెళ్ళి పోస్టుమాన్ కాళ్ళు పట్టుకుని వెనక్కి తీసుకుందామా అనిపించింది.

రెండు నెలలు ఏ కబురూ లేదు. మర్చిపోయాను కూడా. ఓ మధ్యాహ్నం పోస్టుమాన్ మా వీధి మొదట్లోనే సైకిలాపి, పోలేరమ్మ జాతరలో చాటింపు వేసినట్టు నా పేరు పెట్టి కేకేశాడు. “పత్రికాఫీసు నుంచి ఎం.ఓ.! రెండొందలు!” అరుగుల మీద వాళ్ళంతా లేచి వచ్చారు. నేనేదో పత్రికాఫీసుకి అప్పిచ్చాననుకుని ఒకావిడ అడిగింది కూడా!

అచ్చయిన సంచిక అప్పటికే వచ్చి వారమైందట. నేనే చూడలేదు. నాలుగు పేజీలు రాస్తే ఒక పేజీ వేశారు. మా ఊరి పేరులో ఓ అచ్చుతప్పు. విస్తరి సంగతి కత్తిరించేశారు. (ఇప్పటికీ ఆ కత్తెర మీద నాకు కోపమే.) కానీ కింద నా పేరు మాత్రం పొల్లు పోకుండా ఉంది.

ఇప్పుడు వీధిలో నవ్వుతారు, కాలేజీలో ఏడిపిస్తారు, అని రెండ్రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడోరోజు ఎదురింటాయన తలుపు తట్టారు. వచ్చింది, ఏదో అనడానికే అనుకున్నాను.

“బాబూ, నువ్వు రాస్తావటగా? మా అమ్మాయి పెళ్ళి... శుభలేఖలో రెండు మంచి వాక్యాలు రాసిపెడతావా?”

మర్నాడు ఇంకొకావిడ. రేషన్ కార్డులో పేరు తప్పు పడింది, ఎమ్మార్వోగారికి అర్జీ రాయాలి. ఆ తర్వాత గుడి కమిటీవాళ్ళ కరపత్రం. రెండేళ్ళపాటు నేను దేనికి భయపడి పేరు దాచుకున్నానో ఆ వీధి నన్ను చూసి నవ్వనేలేదు... పనిచెప్పింది! మా నాన్నగారొక్కరే, ఎం.ఓ. కూపను అటూ ఇటూ తిప్పి చూసి, “ఎకౌంటెన్సీకి రెండొందలిచ్చారా?” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఒంటిగంటకి లైటు తీయమని కూడా అనలేదు.

*

అయితే అందరూ మెచ్చుకున్నారనీ, భయానికి అర్థం లేదనీ అనుకునేరు! అర్థం ఉంది. నేను భయపడినంతా ఒకసారి అయింది కూడా.

2013లో గోదావరి ఒడ్డున తీసిన సినిమాల గురించి ఓ పెద్ద వ్యాసం రాశాను. అప్పటికి నాకు కాస్త తల తిరిగింది. ‘మూగమనసులు’ (1964) గురించి రాస్తూ, అందులో జమునగారి మీద తీసిన ఆ గోదారి పాటని ఆకాశానికెత్తి, ఆత్రేయగారి కలం బలాన్ని అరపేజీ పొగిడాను. చూసుకోకుండా. ఆ సినిమాలో ఆత్రేయగారి పాటలున్న మాట నిజమే గానీ, ఆ పాట దాశరథిగారిది! తెలంగాణ గడ్డ మీంచి వచ్చిన దాశరథి కృష్ణమాచార్యులుగారు రాసిన గోదారి పాటని, గోదావరి జిల్లావాణ్ణై ఉండి ఇంకొకరి ఖాతాలో జమ కట్టేశాను. బీకాం చదివినవాడు చేయాల్సిన పనేనా?

పత్రికాఫీసు నుంచి ఓ కవరు వచ్చింది. అందులో ఏడు కార్డులు, రెండు ఉత్తరాలు. “ఈ వ్యాసకర్తకి చెవులున్నాయా?” అని ఒకరు. “పాటల పుస్తకం కొనడానికి డబ్బుల్లేకపోతే మేం పంపుతాం” అని ఇంకొకరు. ఒక రిటైరైన మేష్టారు రాసిన ఉత్తరం మాత్రం నాలుగు పేజీలు... అందులో తిట్టు ఒక్కటీ లేదు. దాశరథిగారి సినిమా పాటలన్నీ, సినిమా పేరుతో, సంవత్సరంతో సహా వరసగా రాసి పంపారు. “ముందుముందు పనికొస్తుంది” అని ఒక్క వాక్యం చివర్లో!

ఎడిటరుగారికి ఫోన్ చేసి, ఇక రాయనని చెప్పేశాను. ఆయన పకపకా నవ్వి, “తొమ్మిదిమంది తిట్టారంటే తొమ్మిదిమంది ఆఖరుదాకా చదివారన్నమాటేగా! పైవారం సవరణ వేస్తున్నాం. నువ్వు తర్వాతి వ్యాసం శుక్రవారానికి పంపు” అని ఫోన్ పెట్టేశారు. మూడురోజులు అన్నం సయించలేదు. నాలుగోరోజు ఆకలేసింది. శుక్రవారానికి వ్యాసం పంపాను. ఆ మేష్టారి ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పాట గురించి ఒక్క ముక్క రాయాల్సి వచ్చినా ముందు దాన్ని తీసి చూసుకుంటాను.

భయం పోయిందా అంటారా? లేదండీ. ఈ వ్యాసం పంపేటప్పుడు కూడా కడుపులో అదే గుబులు. పోయాక పంపుదామని కూర్చుంటే నేనూ ఓ రేకు పెట్టె కొనుక్కోవలసి వచ్చేది.

మీలో ఎంతమంది దగ్గర ఆ పెట్టె ఉందో నాకు తెలియదు. ఈకాలంలో అది రేకుది కానక్కర్లేదు, ఫోన్లోనే ఉంటుంది. రాసి, మళ్ళీ రాసి, ‘డ్రాఫ్ట్’ అని దాచుకున్నవి. అప్పుడు డబ్బా నోట్లో సగం పెట్టిన కవరు, ఇప్పుడు ‘పంపు’ అనే బొత్తాం మీద గాల్లో ఆగిన బొటనవేలు. స్టాంపులు లేవు, తిరుగుటపా కవర్లు లేవు, పత్రికలు చాలామటుకు ఈమెయిల్లోనే తీసుకుంటున్నాయి. పని సులువైపోయింది గానీ, గుబులు అలాగే ఉంది.

నా అనుభవంలో పనికొచ్చినవి రెండు మూడే. చిన్నదానితో మొదలెట్టండి, ఎనిమిది వాక్యాల పాఠకుల ఉత్తరమైనా సరే. సినిమా పత్రికకి ప్రశ్న పంపి, జవాబు పక్కన పేరు చూసుకున్నవాళ్ళు మీలో ఉంటే, మీరు ఆల్రెడీ అచ్చయినవాళ్ళే! మారుపేరు కావాలంటే పెట్టుకోండి, తప్పేం లేదు. ఎప్పుడు తీసెయ్యాలో రాతే చెబుతుంది. ఒకటే రచన ఒకేసారి రెండుచోట్లకి పంపకండి, హామీపత్రం మీద సంతకం అబద్ధమైపోతుంది. పండగ కథ పండగకి వారం ముందు పంపితే ఏ దేవుడూ అచ్చు వేయించలేడు, కనీసం రెండు నెలలుండాలి. నకలు తప్పకుండా ఉంచుకోండి. “మీ అమూల్యమైన పత్రికలో ఈ అల్పుని రచనకి ఇంత చోటు...” అంటూ సాగదీయకండి, ఎడిటరుగారికి ఓపిక ఉండదు. ఇక మీ చెయ్యి మరీ వణికితే, తమ్ముళ్ళున్నది ఎందుకు?

*

మళ్ళీ పాలకొల్లుకి వద్దాం.

ఆ సాయంత్రం వెళ్ళేముందు బాబాయ్‌గారిని అడిగాను, ఆ కవరు విప్పి చూస్తానని. ఒప్పుకోలేదు. “దాన్ని అలాగే ఉండనీరా” అన్నారు. డీసీఆర్ ఫారాల కట్ట ఒకటి మాత్రం చదువుకోమని ఇచ్చారు. బస్సులో చదివాను. అన్నీ గొప్పవని అబద్ధం చెప్పను. కొన్ని అచ్చంగా అప్పటి సినిమాల్లోంచి ఊడిపడినట్టే ఉన్నాయి. కానీ ఒకటి ఉంది... హాల్లో కుర్చీల కింద చిల్లర ఏరుకునే ఒక ముసలమ్మ గురించి. సెకండ్ షో వదిలాక లైట్లు వేయకముందే ఆవిడ వచ్చేదట. ఈయన పైనుంచి ఆవిడకోసం ప్రొజెక్టరు లైటు ఇంకో రెండు నిమిషాలు ఉంచేవారట. ఆ వెలుగులో ఏరుకునేది. అది కథ. ఒకటిన్నర పేజీ. ఏ సినిమాలోనూ లేదు అది.

దాన్ని ఫోన్లో టైపు చేసి, ప్రింటు తీయించి ఆయనకి పంపాను. “పంపించమంటారా? మీ పేరుతోనే” అని అడిగాను. పదిరోజులు ఉలుకూ పలుకూ లేదు.

ఈ వ్యాసంలో తన గురించి రాస్తానంటే మాత్రం, “రాసుకో, పేరు వెయ్యకు” అన్నారు. అందుకే వెయ్యలేదు.

మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. సరిగ్గా సెకండ్ షో ఇంటర్వెల్‌కి ముందు టైమన్నమాట!

“ఏరా, పడుకున్నావా?”

“లేదు బాబాయ్‌గారూ, చెప్పండి.”

“ఆ ముసలమ్మ కథలో... ఆఖర్న ఒక వాక్యం ఎక్కువైంది. తీసేశాను.”

“మంచిదండీ.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఇప్పుడు కవరుకి ఎంత స్టాంపులు అంటించాలిరా?”

ఈమెయిలు ఉంది, నేను క్షణంలో పంపేస్తాను అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“రేపు పోస్టాఫీసులో కనుక్కుని చెబుతానండీ,” అన్నాను.